టగ్గు ఇచ్చిన అఫిడవిట్

ఇది సముద్రం మీద జరిగిన మహాగాథ. ఇందులో యుద్ధం ఉంది, తుఫాను ఉంది, ముప్పై ఏళ్ళ ఎడబాటు ఉంది, ఇద్దరు ఆడవాళ్ళ మధ్య నలిగిన ఒక మగవాడున్నాడు. చదివేవాళ్ళు కాస్త గట్టిగా పట్టుకు కూర్చోవాలి.

ఇంత రాశాక నిజం చెప్పకపోతే బాగుండదు. నేను సముద్రం చూడలేదు. యుద్ధం గురించి నాకు తెలిసింది రెండు వాక్యాలు. ఆ ఇద్దరు ఆడవాళ్ళలో ఒకావిడ ఇనుముతో చేసినది. కథ మొత్తం ఒక ఫుల్‌స్కేప్ కాగితం మీద, అదీ ఒక వైపే, జరిగింది.

1979వ సంవత్సరం. లాల్‌దర్వాజాలో ఒక కిరాణా కొట్టు పైన, ఇనుప మెట్లెక్కి వెళ్తే వచ్చే టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పని చేసేవాణ్ణి. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. పొద్దునా సాయంత్రం లోయర్, హయ్యర్ పరీక్షలకు కట్టినవాళ్ళు పది మిషన్ల మీద తమ భవిష్యత్తును బాదుకునేవారు. మధ్యాహ్నం మిషన్లు ఖాళీ. అప్పుడు నేను జాబ్‌వర్క్ చేసేవాణ్ణి. జాబ్‌వర్క్ అంటే ఎవరి కష్టాన్నయినా డబుల్ స్పేసింగులో కొట్టివ్వడం.

సిటీ కోర్టు దగ్గర గనక వచ్చే కష్టాల్లో ముప్పాతిక అఫిడవిట్లే. నేను ఫలానా, ఫలానా వారి కొడుకును లేదా భార్యను, వయసు సుమారు ఇంత, చేసే పని ఇది, ఉండే చోటు ఇది, చెప్పేదంతా నిజం అని ప్రమాణం చేసి ఇచ్చే కాగితాన్ని అఫిడవిట్ అంటారు. ఇల్లు ఖాళీ చేయనని ఒకరు, చేయించాలని ఒకరు, పేరు మారిందని ఒకరు, పేరు మారలేదని ఒకరు. రోజుకు ఏడెనిమిది. మొదటి నాలుగు లైన్లకు నా బుర్రతో పని లేకుండా పోయింది. వేళ్ళే కొట్టుకునేవి.

మా ప్రొప్రయిటరు విశ్వనాథంగారిది కాకినాడ వైపు. కొత్తగా చేరినవాళ్ళ చేతుల మీద అట్టముక్క కప్పి నేర్పేవారు. కళ్ళు డ్రాఫ్టు మీదే ఉండాలి, మిషను మీదికి పోకూడదు. "కొట్టేదాని వంక చూసేవాడు టైపిస్టు కాడోయ్, ప్రేక్షకుడు" అనేవారు. చూడకుండా కొట్టడం వల్ల వచ్చే తప్పులకు మందుగా ఇంకో నియమం ఉంది. దాన్ని కంపేరింగ్ అంటారు. ఒకరు డ్రాఫ్టు పైకి చదవాలి, ఇంకొకరు టైపు చేసిన కాగితంలో సరిచూసుకోవాలి. అది లేకుండా కాగితం గడప దాటకూడదు. ఈ కథలో దాటింది.

బోనాలు అయిపోయిన వారంలో, ఒక మంగళవారం మధ్యాహ్నం, మెట్ల మీద ఇద్దరు మనుషుల చప్పుడైంది. ముందు వచ్చినావిడకు యాభై దాటి ఉంటాయి. ఆవిడ భుజం పట్టుకుని వెనక వచ్చినాయనకు ఒక కంటి మీద ఆకుపచ్చ గుడ్డ వేలాడుతోంది. శుక్లం ఆపరేషన్ అయిందన్నమాట. పేరు ఎల్లయ్య. ఆవిడ ఆయన భార్య బాలమణి. మా గల్లీ వెనకే ఇల్లు.

"సర్వీస్ హిస్టరీ రాయాలె బిడ్డా" అన్నాడు ఎల్లయ్య.

"ఎవరిది బాపూ? నీదేనా?"

"నాదెందుకు? టగ్గుది."

"టగ్గంటే?"

"ఓడను గుంజే ఓడ."

"ఓడ లేదు గీడ లేదు" అంది బాలమణి. "నేను ఫొటో సూసిన. బోర్లేసిన గంగాళం లెక్కుంటది."

ఎల్లయ్య చెప్పగా నాకు అర్థమైంది ఇది. పెద్ద ఓడలు సముద్రంలో ఎంత వీరులైనా రేవులోకి వచ్చేసరికి వాటికి మలుపు తిరగడానికి తావు చాలదు. అప్పుడు ఈ చిన్న ఓడ వెళ్ళి తాడు కట్టి లాగుతుంది, లేదా ముక్కు ఆనించి నెడుతుంది. డబుల్ డెక్కర్ బస్సు రివర్స్ చేస్తుంటే వెనక నిలబడి ఈల వేసే కండక్టర్ లాంటిదని నేనన్నాను. "కండక్టర్ బస్సును నూకడు గద బిడ్డా" అని ఎల్లయ్య దిద్దాడు.

పోలీస్ యాక్షన్ జరిగిన ఏడాది ఆయన లాల్‌దర్వాజా నుంచి పారిపోయి, లారీలు మారి విశాఖపట్నం చేరి, నేవీ యార్డులో ఖలాసీగా, అంటే తాళ్ళు పట్టే కూలీగా, కుదిరాడు. తర్వాత సారంగు అయ్యాడు. సారంగంటే ఖలాసీలకు పెద్ద. ముప్పై ఏళ్ళు ఒకటే టగ్గు మీద. బాలమణి ఇక్కడే ఉంది. ఏడాదికొకసారి బోనాలకు వచ్చి నెల ఉండి పోయేవాడు. ఏడాది కింద రిటైరై వచ్చాడు.

ఆ టగ్గుకు పేరు లేదు. యార్డ్ క్రాఫ్ట్ నలభై మూడు అని నంబరుంది. ఖలాసీలు మాత్రం బర్రె అనేవారట. ఆ పేరు పెట్టింది ఎల్లయ్యే. "నల్లగుంటది, నీళ్ళల్లకెల్లి బైటికి రాదు, ఎన్ని మాట్లన్నా కోపం రాదు."

"దాని గుణగణాలు నాకు రోజు చెప్తడు. నా గుణాలడుగు, దెలువయ్" అంది బాలమణి.

ఆయన జేబులోంచి ఒక పోస్టుకార్డు తీశాడు. అప్పలస్వామి అనే పాత తోటి ఖలాసీ రాసింది. విషయం ఇది. వచ్చే సోమవారం పొద్దున పదింటికి బర్రెను సర్వీసు నుంచి తీసేస్తున్నారు. తర్వాత పాత ఇనుముకు పోతుంది. యుద్ధనౌకలను తీసేసే రోజున వాటి సర్వీస్ హిస్టరీని మైకులో అందరి ముందూ చదివి జెండా దించుతారు. టగ్గులకు ఆ మర్యాద లేదు. అయితే కొత్తగా వచ్చిన ఆఫీసరు మంచోడు, ఇంగ్లీషులో ఒక పేజీ రాసిస్తే చదువుతానన్నాడు. రెండో పేజీ ఉంటే చదవడు. యార్డులో వెతికితే దాని ఫైలు చెదలు తినేసింది. శనివారానికల్లా కాగితం అందాలి.

"కన్ను మంచిగుంటే నేనే పోదును" అన్నాడు ఎల్లయ్య. "నలభై రోజులు రైలెక్కొద్దన్నరు. పెద్ద ఓడలు పోతుంటె మైకుల సద్వుతరు బిడ్డా. ఎన్నిటికి తాడిడ్చి సాగదోలిందో, అది పోతుంటె మాత్రం ఎవ్వలు నోరు తెరువరు. నువ్వు రాస్తె సద్వుతరు. లేకుంటె తుక్కోని లారీల తీసుకపోయినట్టు తీసుకపోతరు."

ఒప్పుకున్నాను. రెండు మధ్యాహ్నాలు ఆయన చెప్పాడు, నేను రాసుకున్నాను.

ఇలాంటి పనికి మసాలా కావాలని నా ఉద్దేశం. డెబ్భై ఒకటి యుద్ధంలో ఏం చేసిందని ఉత్సాహంగా అడిగాను.

"పెద్దోడలు పోతుంటె బైటిదాక సాగదోలినం."

"తర్వాత?"

"తాడు సుట్టి పెట్టుకోని కూసున్నం. వాపసొస్తె మళ్ళ గుంజాలె గద."

ఇది నా యుద్ధం. సరే, తుఫాను అడిగాను. ఆయన కాస్త ముందుకు వంగాడు.

"ఒకపాలి పెద్ద తుఫానొచ్చింది. ఒక ఓడకు కట్టిన తాళ్ళన్ని తెగినయ్. గాలికి గట్టుకేసి కొట్టుకపోతుంది. మా బర్రెను తీస్కపోయి దానికి ఆనిచ్చినం."

"ఆనించి?"

"ఆనుకోని నిలబడ్డం."

"ఎంతసేపు?"

"పొద్దుగాల్నుంచి మాపుదాక. అది మమ్ముల నూకుడు, మేం దాన్ని నూకుడు. జర సందిస్తె రెండూ పోతయ్."

"తర్వాత ఏమైంది?"

"తర్వాత ఆకలైంది."

పక్క కుర్చీలో పేపరు చదువుకుంటున్న విశ్వనాథంగారు ఇక ఆగలేకపోయారు. "ఏవోయ్ చంద్రం, ఫియర్‌లెస్‌లీ అని ఒకటి వెయ్యి. గ్లోరియస్ అని ఇంకోటి వెయ్యి. సర్వీస్ హిస్టరీ అంటే తమాషానా?"

నేను ఎల్లయ్యకు వాటి అర్థం చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "భయం లేకుండ అని రాయకు. మస్తు భయమైంది."

"పోనీ, ఇట్ అని మాత్రం కొట్టకు" అన్నారు విశ్వనాథంగారు. "ఓడను ఇంగ్లీషులో ఆడదానికింద లెక్కేస్తారు."

"నేను ముప్పై ఏండ్ల సంది గదే చెప్తున్న" అంది బాలమణి.

చెప్పాల్సింది అయిపోయినా ఆయన వెంటనే లేచేవాడు కాదు. మెట్ల దగ్గర కూర్చునేవాడు. కుర్చీ ఇస్తే వద్దనేవాడు. ఎవరైనా ఎక్కితే ఆ ఇనుప మెట్లు ఊగేవి. "గల్లీ మొత్తంల గిదొక్కటే జర కదుల్తది" అన్నాడొకసారి. నాలుగింటి బ్యాచ్ వచ్చి పది మిషన్లూ ఒక్కసారి మొదలైతే నేల సన్నగా అదిరేది. ఆయన అరచేయి గచ్చుకు ఆనించేవాడు. ఇంజన్ గది పైన పడుకుంటే ఇలాగే ఉంటుందట. ఒక్కోసారి మాట మధ్యలో ఆగి, "గీ యాల్లకు ఆడ నీళ్ళెక్కుతుంటయ్" అని రేవులో పోటు వేళ చెప్పేవాడు. లాల్‌దర్వాజాలో ఆ వేళకు మునిసిపాలిటీ నల్లా కూడా రాదు.

గురువారం మూడు గంటల లోపు షాలిబండ పోస్టాఫీసులో రిజిస్టర్ చేస్తేనే కాగితం శనివారానికి చేరుతుంది. రెండింటికి వస్తామన్న మొగుడూ పెళ్ళాం కంటి ఆసుపత్రిలో చిక్కుకుని రెండున్నరకు వచ్చారు. పైగా ఎల్లయ్య ఇంకో వాక్యం తెచ్చాడు. రాత్రంతా ఆలోచించాడట, అది లేకపోతే హిస్టరీయే కాదట. దాన్ని డ్రాఫ్టులో ఇరికించి, రెండు కాగితాల మధ్య కార్బన్ పెట్టి మిషనుకెక్కించి, డ్రాఫ్టు మీద కళ్ళు పెట్టి కొట్టేశాను. ఒక్క పేజీలో సరిపోయింది. అడుగున ఎల్లయ్య తెలుగులో సంతకం పెట్టాడు. కంపేరింగ్‌కు టైము లేదు. పరుగెత్తాను. గుమాస్తా నా ముందే సంచికి లక్క వేశాడు.

రసీదు పట్టుకుని తిరిగొచ్చేసరికి ఇద్దరూ అక్కడే ఉన్నారు.

"ఏం రాసినవో జర సద్వు బిడ్డా" అంది బాలమణి. "గింత తిప్పల పడ్డం గద."

కార్బన్ కాపీ చేతిలోకి తీసుకుని మొదటి లైను చూశాను. ఆలస్యంగా కంపేరింగ్‌కు డ్రాఫ్టు తీశాను.

జరిగింది ఇది. నా డ్రాఫ్టులో తెగిన ముక్కలున్నాయి: ఓడల్ని తెచ్చింది, దిగబెట్టింది, నిలబడింది. వాటిని చూస్తూ కొట్టిన నా వేళ్ళు, బుర్రను అడగకుండా, రోజూ కొట్టే అఫిడవిట్‌లో పోసేశాయి. ఆడమనిషి అని విశ్వనాథంగారు చెప్పారు గనక ఆడవాళ్ళ ఫార్మాట్ తీసుకున్నాయి. ఆడవాళ్ళ ఫార్మాట్‌లో పేరు తర్వాత వచ్చేది వైఫ్ ఆఫ్. ఆ ఖాళీలో పెట్టడానికి డ్రాఫ్టులో ఉన్న మగ పేరు ఒక్కటే.

అబద్ధం చెప్పి తప్పించుకోవచ్చు, వాళ్ళకు ఇంగ్లీషు రాదు. కానీ సోమవారం అది యార్డులో మైకు ముందుకు వెళ్తుంది. తెలుగులోకి మార్చి చదివాను.

"నేను, యార్డ్ క్రాఫ్ట్ నలభై మూడు, ఎల్లయ్య భార్యను, వయసు సుమారు ముప్పై ఐదు సంవత్సరములు, వృత్తి ఓడలు లాగుట, నివాసము విశాఖపట్నం రేవు, దైవసాక్షిగా ప్రమాణము చేసి తెలియజేయునదేమనగా..."

"ఆగు" అంది బాలమణి. "ఎవ్వల భార్య?"

నేను ఎల్లయ్య వంక చూశాను.

"ఇన్నొద్దులు మనసుల పెట్టుకున్నడు" అంది ఆవిడ. "ఇగ కాయిదం మీద గూడ పెట్టిండు. ఊకె గాదు, రిజిస్టర్ చేసి."

"నేను చెప్పలేదే" అన్నాడు ఎల్లయ్య. నిజంగానే భయపడ్డాడు.

"తప్పు నాది అమ్మా" అన్నాను.

"తప్పెవ్వలిదో తర్వాత సూస్త. ముందు సద్వు. సవతి ఏం చెప్పిందో ఇంటా."

చదివాను. "ఒకటి. ఇందలి విషయములు నాకు స్వయముగా తెలియును. రెండు. నాకు పేరు లేదు, నంబరు కలదు. మూడు. వచ్చిన ఓడలను లోపలికి తెచ్చితిని, పోవు ఓడలను రేవు నోటి వరకు దిగబెట్టితిని. దానిని దాటి నేను పోలేదు. నాలుగు. యుద్ధకాలమున తాడు చుట్టి పెట్టుకొని ఎదురుచూచితిని. ఐదు. తుఫాను నాడు ఒక పెద్ద ఓడకు ఉదయము నుండి సాయంత్రము వరకు ఆనుకొని నిలబడితిని. ఆ దినమున వేరే పని చేయలేదు. ఆరు. నేను దిగబెట్టిన ఓడలు తరువాత ఏయే ఊళ్ళు చూచినవో నాకు తెలియదు. పైన చెప్పినదంతా నాకు తెలిసినంత వరకు నిజము."

ఆరోది ఎల్లయ్య ఆ రోజు తెచ్చిన వాక్యం.

ఎల్లయ్య గుడ్డ లేని కన్నును తువ్వాలుతో తుడుచుకున్నాడు. ఆపరేషన్ అయింది రెండో కంటికి గనక డాక్టరుకు అభ్యంతరం ఉండదు.

"దానికి నోరుంటె గింతే మాట్లాడుతుండె" అన్నాడు. "ఒక్క ముచ్చట ఎక్కువ చెప్పకపోతుండె."

బాలమణి ఇంకా నా చేతిలో కాగితాన్నే చూస్తోంది. కోపం వస్తుందని ఎదురు చూశాను.

"నేను గూడ గట్లనే నిలబడ్డ" అంది మెల్లగా. "ముప్పై ఏండ్లు. ఎవ్వలు రాసుకోలే."

ఎల్లయ్య ఆవిడ వైపు తిరిగాడు. "నీది గూడ రాయిస్త. పిలగాడు ఈడనే ఉన్నడు గద."

"నాకేమొద్దు. నన్నేమన్న తుక్కుకేస్తుండ్రా?"

నేను డ్రాయరు సర్దుకున్నాను. అందులో సర్దడానికి ఏమీ లేదు.

మెట్లు దిగబోతూ ఎల్లయ్య ఆగాడు. "ఆఫీసరు సద్వుతడంటవా బిడ్డా?"

సర్వీస్ హిస్టరీ అడిగితే ప్రమాణ పత్రం, అదీ ఒక టగ్గు ఇచ్చింది, అందులో ఒక రిటైర్డ్ సారంగు భార్యనని చెప్పుకున్నది. ఏ ఆఫీసరూ చదవడు. "చదువుతారు" అన్నాను.

సోమవారం పొద్దున తొమ్మిదింటికే ఇద్దరూ వచ్చి మెట్ల మీద కూర్చున్నారు. ఎందుకు వచ్చారని నేను అడగలేదు. ఎల్లయ్య అడిగింది ఒకటే, బ్యాచ్‌ను పదింటికి వదిలెయ్యకుండా ఇంకాసేపు కొట్టించమని. విశ్వనాథంగారు క్లాసు టైము విషయంలో యముడు. ఆ రోజు మాత్రం గొంతు సవరించుకుని స్పీడ్ టెస్ట్ అన్నారు. పది మిషన్లూ కొట్టాయి. ఎల్లయ్య మెట్ల కమ్మీ మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకున్నాడు. బాలమణి మొదట దూరంగా కూర్చుంది. కాసేపటికి తనూ చెయ్యి వేసింది, కమ్మీ మీదో ఆయన చేతి మీదో నాకు సరిగా కనిపించలేదు. టెస్ట్ అయ్యేసరికి, "పోయింది" అన్నాడు ఎల్లయ్య. ఆ స్పీడ్ టెస్ట్‌లో ముగ్గురు ఫెయిలయ్యారు.

పది రోజులకు అప్పలస్వామి ఉత్తరం వచ్చింది. నేనే చదివి వినిపించాను.

"ఒరే ఎల్లయ్యా, నీ కాయితం చేరింది. ఆఫీసరు మైకు కాడ నిలబడి మొదలెట్టినాడు, పక్కన గుమస్తా తెలుగులో సెప్తన్నాడు. ఎల్లయ్య పెళ్ళామన్న కాడ ఆగిపోయినాడు. ఎల్లయ్యంటే ఎవలన్నాడు. సారంగు బాబూ, అయిదరాబాదులో ఉన్నాడు, కంటికి ఆపరేషనన్నాను. అందరూ నవ్వీసినారు. ఆడూ నవ్వినాడు. నాను సచ్చిపోయాననుకున్నాను. కాయితం మడిచీసి జేబులో ఎట్టుకుంటాడేమోనని సూస్తన్నాను. మడవలేదురా. మళ్ళీ మొదట్నించి సదివినాడు. తుఫాను కాడికొచ్చేతలికి ఎవలూ నవ్వలేదు. ఆ దినాన ఏరే పని సెయ్యలేదన్న కాడ ఆడు టోపీ తీసినాడు. ఎందుకు తీసినాడో తెల్దు, ఎండగా కూడా ఉంది. తరవాత కొత్త టగ్గొచ్చి తాడేసింది. మన బర్రెకి లాగడమే గాని లాగించుకోడం రాదు కదా. కాసేపు మొండికేసింది. మరి పోయింది."

ఎల్లయ్య ఇంకోసారి చదవమన్నాడు. చదివాను. ఇంకోసారి అడుగుతాడని చూస్తుంటే బాలమణి అడిగింది.

ఆ వర్షాకాలమంతా వారానికి రెండుసార్లయినా వచ్చి కార్బన్ కాపీ చదివించుకునేవారు. నలభై రోజులకు గుడ్డ విప్పారు, సోడాబుడ్డి కళ్ళద్దాలు ఇచ్చారు. ఇప్పుడు ఎక్కడికైనా రైలెక్కవచ్చన్నారు. కన్ను బాగయ్యేసరికి, ఆ కన్నుతో చూడాలనుకున్నది అక్కడ లేదు. ఆయన ఎక్కలేదు. నేను చదువుతుంటే, "నాలుగోది ఇడ్సిపెట్టినవ్ బిడ్డా" అని బాలమణి అందించేది. ఆవిడకు మొత్తం నోటికి వచ్చేసింది, సవతి మాటలు కదా.

ఈ కేసు నాకు నేర్పిందేమిటని ఇన్‌స్టిట్యూట్‌లో కొత్త పిల్లలు అడిగేవారు. కంపేరింగ్ మానొద్దని చెప్పేవాణ్ణి. అది విశ్వనాథంగారు వినేలా చెప్పే జవాబు. నిజం ఇంకోటుంది. అంతకు ముందు కష్టాలన్నీ ఒకే అచ్చులో పోసి ఇస్తున్నానని నామీద నాకే చిన్నచూపు ఉండేది. ఆ అచ్చులో మొదటి మాట నేను అని ఉంటుంది, చివరి మాట నిజం అని ఉంటుంది. మధ్యలో ఎవరు నిలబడి మాట్లాడుతున్నారో అప్పటిదాకా నేను వినలేదు. ఇప్పుడు వింటాను. దానివల్ల నా స్పీడు నిమిషానికి ఐదు మాటలు తగ్గింది.

బర్రె పోయిన మూడు నెలలకు యార్డు ఆఫీసు నుంచి ఎల్లయ్య పేరుతో ఒక గోధుమరంగు కవరు వచ్చింది. ఆయన దాన్ని విప్పకుండానే తెచ్చి నాకిచ్చాడు. లోపల మా ఫుల్‌స్కేప్ కాగితమే, వాపసు. దానికి గుండుసూదితో గుచ్చిన చిన్న చీటీ. అఫిడవిట్‌ను మామూలు కాగితం మీద ఇస్తే రికార్డులో చేర్చడం కుదరదు, స్టాంపు పేపరు మీద కొట్టి నోటరీ సంతకంతో పంపాలి అని అందులో ఉంది. ఆ రోజు శుక్రవారం, మా వైపు నోటరీ శుక్రవారాలు కూర్చోడు. శనివారం పొద్దునే రమ్మన్నాను.